‘మేము నిరీక్షించియుంటిమి’ దగ్గర ఆగిపోయాను: పునరుత్థానం గురించి ఒక ప్రశ్న

ప్రశ్న అడిగినవారు: ఖాళీ గడులు

అందరికీ వందనాలు. పొడవుగా రాస్తున్నందుకు ముందే క్షమించమని కోరుతున్నాను.

నేను క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. పునరుత్థానాన్ని నమ్మడం లేదని చెప్పడానికి ఈ ప్రశ్న రాయడం లేదు. నమ్ముతున్నానని నోటితో చెప్పే మాటకూ, పది నెలలుగా నా లోపల ఉన్న స్థితికీ మధ్య ఏ సంబంధమూ కనిపించడం లేదు కాబట్టి రాస్తున్నాను.

మా తమ్ముడు 34 ఏళ్ల వయసులో రక్త క్యాన్సర్‌తో వెళ్లిపోయాడు. జబ్బు బయటపడిన దగ్గర నుంచి ఏడాదిన్నర పాటు అతని మందుల లెక్క నేనే చూశాను. ప్రతి నెలా ఒక కాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని గడులు కట్టి, అతని గది తలుపు వెనక అంటించేదాన్ని. మందు వేసుకోగానే టిక్కు తానే పెట్టుకొనేవాడు. కుడిచేతికి సెలైన్ సూది ఉన్న రోజుల్లో ఎడమచేత్తో పెట్టిన టిక్కులు వంకరపోయి పక్క గడిలోకి వెళ్లేవి. చివరి వారంలోని టిక్కులు నావి. ఒక గురువారం రాత్రి గడితో అవి ఆగిపోయాయి. నెల మొత్తానికీ ముందే గీసి పెట్టాను కాబట్టి, దాని కింద ఇంకా పదకొండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది. తీసెయ్యమని ఇంట్లో ఎవరూ అనరు, నేనూ తీయను.

భూస్థాపన నాడు ‘ఏడవకమ్మా, మనకు పునరుత్థాన నిరీక్షణ ఉంది కదా’ అని చాలామంది అన్నారు. వారిలో ఎవరి మీదా నాకు కోపం లేదు, కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఎవరో నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు ఉండేది. మొన్న ఈస్టర్ ఆరాధనలో ‘క్రీస్తు లేచెను’ అని సంఘ కాపరి (పాస్టరు) అనగానే ‘నిజముగా లేచెను’ అని సంఘమంతా బదులిచ్చింది. నా పెదవులు కదలలేదు. అది అబద్ధమనిపించి కాదు. ఆయన లేచాడు, మా తమ్ముడు లేవలేదు కదా అనిపించింది. ఈ మాట రాయడానికి కూడా భయంగానే ఉంది.

ఎప్పుడో అంత్యదినాన జరగబోయే సంగతి, ఈ రోజు పొద్దున్నే లేచి ఆ తలుపు ముందు నుంచి నడిచి వెళ్లవలసిన మనిషికి ఏ విధంగా ఆధారమవుతుంది? అతడు ఇప్పటికే ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉన్నాడని చెబుతున్నప్పుడు, మళ్లీ శరీరం లేవవలసిన అవసరం ఏముంది? పునరుత్థానాన్ని నమ్మేవారు ఇంతగా కుంగిపోవడం అవిశ్వాసమేనా? లూకా సువార్త 24వ అధ్యాయం చదువుతూ, యేసు చనిపోయాక ఇద్దరు శిష్యులు దారిలో అన్న ‘మేము నిరీక్షించియుంటిమి’ అనే మాట దగ్గర ఆగిపోయాను, అక్కడి నుంచి ముందుకు పోలేకపోతున్నాను. వాక్యాన్ని దగ్గరగా చదివినవారు గానీ, ఇటువంటి స్థితిలో నుంచి నడిచి వచ్చినవారు గానీ దయచేసి చెప్పండి.

జవాబు: జయధ్వని

సోదరీ, వందనాలు. దుఃఖాన్ని ఇంతకాలం మోయడం అపవాదికి, అంటే సాతానుకు, చోటివ్వడమే అవుతుంది. ఆ కాగితాన్ని ఈ రోజే తీసివేసి, ప్రతి ఉదయం స్తుతులు చెల్లించండి. పునరుత్థాన శక్తిని నమ్మినవారి ఇంట్లో ఏడుపు వినిపించకూడదు. మీ కోసం ప్రార్థిస్తున్నాను.

జవాబు: విశ్రాంత కాపరి

అమ్మా, పై జవాబు రాసిన సోదరుని ఉద్దేశం మంచిదే అయినా ఆ మాటను నేను ఒప్పుకోలేను. పరిచర్యలో ఉన్నన్నాళ్లూ ఎన్నో సమాధుల దగ్గర నిలబడ్డాను, తొలి రోజుల్లో నేనూ అచ్చంగా ఇదే మాట చెప్పాను. కాబట్టి అందులోని లోపం ఏమిటో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ‘నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అన్నాడు. మనం ఆ వాక్యాన్ని సగానికి విరిచి, ‘దుఃఖపడకుండు’ అన్న ముక్కను మాత్రమే సమాధి దగ్గరకు పట్టుకుపోతాం. దుఃఖమే వద్దని ఆయన అనలేదు. నిరీక్షణ లేనివారి దుఃఖం ఒకటి, నిరీక్షణ ఉన్నవారి దుఃఖం మరొకటి అన్నాడు, అంతే. పైగా ఆ పత్రిక క్రీ.శ. 50 ప్రాంతంలో రాసినది, కొత్త నిబంధనలోని అతి పాత రచనల్లో ఒకటి. అంటే యేసు లేచాడని ప్రకటించిన తొలి ఇరవై ఏళ్లలోనే సంఘం తనవాళ్లను పాతిపెట్టి, ఏడ్చి, ‘మరి వీరి సంగతేమిటి?’ అని అడిగింది. మీ ప్రశ్నను అడగడానికి భయపడనక్కరలేదు, అది సంఘమంత పాతది.

బేతనియలో లాజరు సమాధి దగ్గరకు రండి. యోహాను సువార్త 11వ అధ్యాయం చెప్పేదాన్ని బట్టి, కొద్దిసేపట్లో తాను అతన్ని లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా ‘యేసు కన్నీళ్లు విడిచెను’ అని రాసి ఉంది. పునరుత్థానాన్ని నమ్మినవారి ఇంట్లో ఏడుపు ఉండకూడదంటే, ఆ రోజు అక్కడ మొదట తప్పు చేసినవాడు ఆయనే అవుతాడు. మీరు అడిగిన మొదటి ప్రశ్న కూడా అక్కడే ఉంది. ‘నీ సహోదరుడు మరల లేచును’ అని యేసు అంటే, లాజరు సహోదరి మార్త ‘అంత్యదినమున పునరుత్థానమందు లేచునని యెరుగుదును’ అంది. ఆ జవాబులో సిద్ధాంతం సరిగానే ఉంది, కానీ ఆమె గొంతులో మీ గొంతే వినిపిస్తుంది నాకు: ‘అది నాకూ తెలుసు ప్రభువా, కానీ ఇవాళ్టికి దానితో ఏం చేసుకోను?’ దానికి ఆయన తేదీని దగ్గరికి జరపలేదు. ‘పునరుత్థానమును జీవమును నేనే’ అన్నాడు. ఆమె ఒక దినాన్ని గురించి మాట్లాడుతుంటే ఆయన తానే ఎదుట నిలబడ్డాడు. ఆధారం ఆ దినంలో కాక ఆయనలో ఉంటే, ఆ దినం ఎంత దూరంలో ఉన్నా ఆయన ఇవాళ కూడా ఉన్నాడు. ఈ ఒక్క సంగతి నాకు సరిగ్గా అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, అది కూడా ప్రసంగపీఠం మీద కాదు, మా అమ్మ మంచం పక్కన.

ఇక శరీరం సంగతి. మనలో చాలామంది పునరుత్థానమంటే ఆత్మ పైకి వెళ్లిపోవడమనే అనుకుంటారు, ఇంకొందరు దాన్ని పునర్జన్మతో కలిపేస్తారు. ఆ గ్రీకు మాట ‘అనస్తాసిస్’, లేచి నిలబడడం అని దాని అర్థం. పడిపోయినది ఏదో అదే లేవాలి. మనం చెప్పుకొనే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ‘శరీర పునరుత్థానమును’ నమ్ముచున్నామని ఉంది తప్ప, ఆత్మ చావదని నమ్ముచున్నామని లేదు, ఎప్పుడైనా గమనించారా? ఆత్మ ప్రభువు దగ్గర నెమ్మది పొందుతుందన్నది నిజమే, కానీ కథ అక్కడితో ముగిస్తే, మరణం ఎత్తుకుపోయిన చెయ్యీ, గొంతూ, నడకా మరణం దగ్గరే ఉండిపోతాయి. అప్పుడు మనం మరణంతో రాజీపడ్డాం అని అర్థం. పౌలు రాజీపడలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ‘కడపట నశింపజేయబడు శత్రువు మరణము’ అని రాశాడు. శత్రువు అన్నాడు, విశ్రాంతి అనలేదు, దేవునికి ఇష్టమైన దూత అనలేదు. కాబట్టి మీ తమ్ముని మరణం మీకు అన్యాయంగా, తగని పనిగా అనిపిస్తే, ఆ విషయంలో మీరు పౌలు పక్షానే ఉన్నారు. ఎడమచేత్తో వంకర టిక్కులు పెట్టిన ఆ చెయ్యి దేవుని లెక్కలో పోగొట్టుకోదగిన వస్తువు కాదని చెప్పడమే శరీర పునరుత్థానం.

ఒక మాట భాష గురించి. గ్రీకులో ‘ఎల్పిస్’ అన్నదానికి మన తెలుగు బైబిలు ‘నిరీక్షణ’ అనే మాట వాడింది. రోజువారీ తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. అనువాదకులు ఎంత ఆలోచించి పెట్టారో గానీ, నాకు మాత్రం అది గొప్ప మేలు చేసింది. ఆశ ఉన్న మనిషి ముఖం వెలుగుతూ ఉండాలని మనం అనుకుంటాం. ఎదురుచూసే మనిషికి ఆ నిబంధన లేదు. అలసిపోవచ్చు, విసుక్కోవచ్చు, గుమ్మంలోనే కునికిపాట్లు పడవచ్చు, అయినా అతడు ఎదురుచూస్తూనే ఉన్నాడు. ‘నిరీక్షింపబడునది కనబడునప్పుడు, నిరీక్షణతో పనియుండదు’ అని రోమా పత్రిక 8వ అధ్యాయం. కనబడకపోవడం మీ నిరీక్షణలోని లోపం కాదమ్మా.

జవాబు: దిదుమ

కాపరిగారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక ఫిర్యాదు చేస్తాను. ఆమె ఆగిపోయిన చోటు ఎమ్మాయు దారి, ఆయన ఆమెను బేతనియకు తీసుకుపోయారు. నేను ఆ దారిలోనే కొంతకాలం కూర్చుండిపోయినవాడిని కాబట్టి అక్కడి సంగతి చెబుతాను.

నా భార్య పోయాక రెండేళ్లకు పైగా నేను ఆరాధనకు వెళ్లలేదు. ఆ రోజుల్లో లూకా 24 చదివినప్పుడు నాకు కొట్టొచ్చినట్టు కనిపించిన విషయం ఒకటుంది, దాన్ని ఏ ప్రసంగంలోనూ వినలేదు. యెరూషలేముకు ఆమడ దూరంలో ఉన్న ఎమ్మాయుకు వెళ్తున్న ఆ ఇద్దరికీ పునరుత్థాన వార్త అప్పటికే తెలుసు. క్లెయొపా తన నోటితోనే అంతా చెబుతాడు: ఆయనను సిలువ వేశారు, ఇది మూడో దినం, కొందరు స్త్రీలు తెల్లవారగానే సమాధి దగ్గరకు వెళ్తే ఆయన దేహం లేదు, ఆయన బ్రతికి ఉన్నాడని దూతలు చెప్పారు, మావాళ్లు వెళ్లి చూస్తే స్త్రీలు చెప్పినట్టే ఉంది. అంటే ఈస్టర్ ప్రసంగం మొత్తం అతని నోట్లో ఉంది. ముఖం మాత్రం దుఃఖంతోనే ఉంది, కాళ్లు యెరూషలేముకు ఎదురు దిశలోనే నడుస్తున్నాయి. వార్త తెలిసినంత మాత్రాన మనిషి లేవడు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మీ పెదవులు కదలకపోవడం గురించి మీరు భయపడుతున్నారు. వాళ్ల పెదవులు కదిలాయి కూడా, అయినా లోపల ఏమీ కదలలేదు.

అప్పుడు యేసు ఏం చేశాడో నెమ్మదిగా చూడండి. పక్కన చేరి నడిచాడు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. జరిగినదంతా తన మీదే జరిగినా, ‘అవి ఏవి’ అని ఏమీ తెలియనివాడిలా అడిగి, ఆ ‘నిరీక్షించియుంటిమి’ అనే మాటను చివరిదాకా వాళ్ల చేత చెప్పించుకున్నాడు. ఆ తరువాత గద్దించాడు కూడా, అది దాచను, ‘అవివేకులారా’ అన్నాడు. కానీ అది మోషే మొదలుకొని ప్రవక్తల వరకూ దారి పొడవునా వివరించి చెప్పే ఓపిక ఉన్నవాడి గద్దింపు, ఒక వాక్యం విసిరి వెళ్లిపోయేవాడిది కాదు. చివరికి వాళ్లు ఆయనను గుర్తుపట్టింది వివరణ విన్నప్పుడు కాదు, రొట్టె విరిచి చేతికి ఇచ్చినప్పుడు.

అయితే ఆ కథ ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, మనకు అలా కాదు. నాకు ఆరేళ్లు పట్టింది, ఇంకా పూర్తయిందని చెప్పలేను. అందుకే నాకు మార్కు సువార్త ఎక్కువ దగ్గర. మనకు దొరికిన అతి పాత సంపూర్ణ ప్రతులైన నాలుగో శతాబ్దపు వాటికన్, సీనాయి ప్రతుల్లో మార్కు 16వ అధ్యాయం 8వ వచనంతోనే ఆగిపోతుంది. సమాధి ఖాళీ అని విన్న స్త్రీలు వణుకుతూ పారిపోయి, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు, అంతే. ఈస్టర్ ఉదయాన నోట మాట రానివారికి సువార్తలోనే చోటు ఉంది.

నా పేరు చూసి కొందరు అడుగుతుంటారు, దిదుమ అంటే కవల అని అర్థం, యేసు శిష్యుడైన తోమాకు ఉన్న మరో పేరు. అతన్ని అవిశ్వాసి అని తీసిపారేస్తాం గానీ యోహాను 20వ అధ్యాయంలో ఒక చిన్న వివరం ఉంది. తాను నమ్మనని తేల్చి చెప్పాక ఎనిమిది దినాల తరువాత కూడా తోమా మిగతావారితోనే ఆ ఇంట్లో ఉన్నాడు. వాళ్లు అతన్ని వెళ్లగొట్టలేదు, అతడూ వెళ్లలేదు. లేచినవాడు వచ్చి అతనికి చూపించినది మేకుల గాయాలు. మరణాన్ని జయించిన దేహానికి ఆ గుర్తులు ఎందుకు మిగలాలి? నన్ను తిరిగి లోపలికి తెచ్చిన ప్రశ్న ఇదే. జరిగినది జరగనట్టు తుడిచేసే పునరుత్థానమైతే, నా భార్య పడిన బాధ ఒక పొరపాటుగా కొట్టివేయబడేది. గాయాలతో లేచినవాడి దగ్గర ఆ బాధకు లెక్క ఉంది.

చరిత్ర మీద నాకు ఉన్న అనుమానాల గురించి ఇక్కడ ఎక్కువ రాయను, ఈ ప్రశ్న అది కాదు. ఒక్క సంగతి చాలు. పౌలు క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథుకు రాస్తూ, ఐదు వందల మందికి పైగా ఒక్కసారే ఆయనను చూశారనీ, వారిలో అనేకులు ఇంకా బ్రతికే ఉన్నారనీ అన్నాడు, అంటే కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టే. ఇక సువార్తలు మొదటి సాక్షులుగా చూపించినది స్త్రీలను. ఆ కాలంలో స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువ. లూకా ప్రకారం అపొస్తలులకే వారి మాటలు వెఱ్ఱిమాటలుగా కనబడ్డాయి. కథ అల్లేవాడు అలా అల్లడు.

జవాబు: రాత్రి డ్యూటీ

నేను క్యాన్సర్ వార్డులో నర్సును. వాక్యం చెప్పేంత చదువు నాకు లేదు, కానీ మీ ప్రశ్నలో ఎవరూ పట్టించుకోని ఒక భాగం ఉంది. పది నెలలుగా ‘లోపల ఉన్న స్థితి’ అన్నారు. నిద్ర పడుతోందా? తింటున్నారా? బ్రతకడం ఎందుకు, నేనూ పోతే బాగుండును అనే ఆలోచన వస్తోందా? సూటిగా అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఇలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్నదైతే బయటికి వస్తుంది. వస్తూ ఉంటే ఈ రాత్రే ఇంట్లో ఒకరికి చెప్పండి, మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. ఏడాదిన్నర పాటు రోగి పక్కన మెలకువగా ఉన్న శరీరం, రోగి పోయాక కూడా రాత్రి మందు వేళకు ఉలిక్కిపడి లేస్తుంది, ఇలాంటివారిని నేను చాలామందిని చూశాను.

నాకు తెలిసిన వాక్యం ఒక్కటే చెబుతాను. ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని ‘ఇంతమట్టుకు చాలును’ అని చావును కోరుకున్నప్పుడు, దేవుడు అతనికి ప్రసంగం చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ చూపించాడు. అతడు తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా తిండే పెట్టాడు. మాటలు ఆ తరువాత, నలభై రోజుల నడక తరువాత, కొండ మీద.

ఆ కాగితం మీకు తీయాలనిపించినప్పుడే తీయండి. ఎవరో చెప్పారని వద్దు.

ప్రశ్న అడిగినవారు: ఖాళీ గడులు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి డ్యూటీ గారూ, మీరు మందు వేళ గురించి రాసింది చదివి చాలాసేపు కదలలేకపోయాను. రాత్రి పదిన్నరకు నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. చావాలన్న ఆలోచన లేదు, కానీ నిద్రా తిండీ సరిగా లేవు. మా ఇంటివారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పాను, డాక్టరు దగ్గరకు వెళ్తాం.

కాపరిగారూ, ఒకటి మిగిలిపోయింది. అతని స్వస్థత కోసం సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. ఆ ప్రార్థనలు ఏమయ్యాయి? వినబడలేదని అనుకోవాలా, విని కాదన్నాడని అనుకోవాలా? రెండింటిలో ఏది అనుకున్నా నాకు ప్రార్థించడానికి మాట రావడం లేదు.

జవాబు: విశ్రాంత కాపరి

ముందుగా దిదుమ గారి ఫిర్యాదు న్యాయమైనదని ఒప్పుకుంటున్నాను. ఆ దారి గురించి ఆయన రాసినంత బాగా నేను రాయలేను.

అమ్మా, మీ తమ్ముడే ఎందుకు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పేవారిని నమ్మకండి. కానీ ‘వినబడలేదా, కాదన్నాడా’ అనే రెండు దారులే ఉన్నాయన్నచోట ఒక సంగతి చెప్పగలను. గెత్సేమనే తోటలో యేసు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా నుంచి తొలగిపోనిమ్మని మళ్లీ మళ్లీ వేడుకున్నాడు. అది తొలగలేదు, తెల్లవారితే సిలువ. అయితే హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం 7వ వచనం చూడండి. తనను మరణం నుంచి రక్షించగలవానికి ఆయన మహా రోదనంతో, కన్నీళ్లతో ప్రార్థించాడనీ, ఆ ప్రార్థన అంగీకరింపబడిందనీ అక్కడ రాసి ఉంది. నేను ఈ వచనం దగ్గర ఎన్నోసార్లు తికమకపడ్డాను. చనిపోయినవాడి ప్రార్థన అంగీకరింపబడడమేమిటి? మరణం రాకుండా ఆపడం ఒక్కటే జవాబైతే ఈ వచనం తప్పు. మరణంలో నుంచి బయటికి తేవడం కూడా జవాబైతే, ఆ జవాబు మూడో దినాన వచ్చింది. శుక్రవారం సాయంకాలం ఆయన తల్లిని అడిగి ఉంటే, నా కుమారుని ప్రార్థన ఎవరూ వినలేదనే చెప్పి ఉండేది, ఆ మాటకు ఆమెను తప్పుపట్టగలవారు ఎవరు? మీ సంఘం చేసిన ప్రార్థనలకు జవాబు వచ్చేసిందని నేను అనను. ఆ లెక్క ఇంకా ముగియలేదని మాత్రమే అంటాను.

కుంగిపోవడం అవిశ్వాసమా అని అడిగారు, దానికి కూడా జవాబు బాకీ ఉన్నాను. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు, ఆసియలో తమకు బ్రతుకుతామన్న నమ్మకం కూడా పోయేంతగా, శక్తికి మించి కుంగిపోయామని దాచకుండా రాశాడు. మృతులను లేపే దేవుని మాట ఆయన ఎత్తినది ఆ వెంటనే, ఆ కుంగుబాటు లోపలి నుంచే.

మాట రానప్పుడు మాట కోసం వెతకకండి. 88వ కీర్తన తీసి పెద్దగా చదవండి. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అనే మాటతో ముగిసేది అది, చివర్లో ఓదార్పు ఏమీ ఉండదు. మధ్యలో మాత్రం ‘ప్రేతలు లేచి నిన్ను స్తుతించెదరా?’ అని చనిపోయినవారి గురించి ఒక ప్రశ్న ఉంటుంది. కీర్తనకారుడు దాన్ని జవాబు లేదన్న బాధతోనే అడిగాడు. దాన్ని కొట్టివేయకుండా మన పెద్దలు ఆరాధన గ్రంథంలో ఉంచారు.

జవాబు: జయధ్వని

నా మొదటి జవాబు తొందరపాటుతో రాశాను. క్షమించండి సోదరీ. కాగితం గురించి చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారు: ఖాళీ గడులు

జయధ్వని గారూ, మనసులో ఏమీ పెట్టుకోలేదు, ప్రార్థించడం మానకండి.

నిన్న రాత్రి పదిన్నరకు మెలకువ వచ్చినప్పుడు చూస్తే అమ్మ కూడా మేలుకొనే ఉంది. ఇన్ని నెలలుగా ఇద్దరం అదే వేళకు వేర్వేరు గదుల్లో మెలకువగా ఉంటున్నామని మాకు తెలియదు. ఆమె పక్కన కూర్చుని 88వ కీర్తన పెద్దగా చదివాను. చివరి వచనం అయ్యాక ఇంకా ఉందేమోనని ఆమె కాసేపు చూసింది. ఇంతేనా అని అడిగింది, ఇంతే అన్నాను. ఎవరు రాశారని అడిగితే, పైన ఎజ్రాహీయుడైన హేమాను అని ఉందని చెప్పాను. ‘పాపం, అతనికి ఎవరు పోయారో’ అంది. ఆ తరువాత భూస్థాపన నాటి నుంచి మొదటిసారి ఇద్దరం కలిసి ఏడ్చాం.

ఉదయం లూకా 24 మళ్లీ తీశాను. ఇరవై ఒకటో వచనం దాటి, వాళ్లు ఊరి దగ్గరికి వచ్చి, పొద్దు గుంకుతోంది మాతో ఉండమని ఆయనను బలవంతం చేసే చోటు వరకూ చదివాను. రొట్టె విరిచే చోటికి ఇంకా వెళ్లలేదు. డాక్టరు దగ్గర గురువారానికి సమయం దొరికింది.